ఏ పక్కన నిలబడ్డావు

ఆ బల్లకి ఒక కాలు పొట్టి. హంఫ్రీ డాకిన్స్ ఎటు కదిలితే అటు ఒరిగి టక్కుమంటోంది, టక్కుమన్నప్పుడల్లా తలుపు దగ్గర కూర్చున్న బంట్రోతు కళ్ళెత్తి చూస్తున్నాడు, ఆ చూపుకి హంఫ్రీ బిగుసుకుపోతున్నాడు, బిగుసుకుపోతే మళ్ళీ టక్కు. సగం ఆయుష్షు ఊగే చెక్కల మీద గడిపిన కళాసీకి ఈ బల్ల మీద కుదురుగా కూర్చోవడం చేతకాకుండా ఉంది. ఆ తలుపు వెనకాల నౌకా న్యాయస్థానం తరఫున సాక్షుల్ని ప్రశ్నించే పరీక్షాధికారి ఉన్నాడు, ఆయన ముందు బైబిల్ ఉంది, బైబిల్ ముందు ఇప్పుడు సరంగు ఓస్మండ్ క్రేన్ ఉన్నాడు. ఓస్మండ్ తర్వాత తనే. తన తర్వాత ఎవరూ లేరు. కిటికీలోంచి సెయింట్ పాల్ చర్చి గంట వినిపించింది, పక్క సందులో పూటకూళ్ళ ఇంట్లో మాంసం కాలుతున్న వాసన వచ్చింది. ఉన్ని టోపీ ఒళ్ళో పెట్టుకుని దాని అంచు నలుపుతున్నాడు. ఇంకాసేపు ఇలాగే నలిపితే భార్య థామసిన్ అల్లిన అల్లిక ఊడిపోతుంది, ఊడిపోతే అదొకటి చెప్పుకోవాలి. ఈ మధ్య ఏది చెప్పుకోవడమూ తేలిగ్గా లేదు. అందులోనూ లోపల అడగబోయేది చిన్న ప్రశ్న, చంటిపిల్లలు కూడా జవాబు చెప్పగలిగిన ప్రశ్న. నువ్వు ఏ పక్కన నిలబడ్డావు.

కుడి, ఎడమ. చుక్కాని పట్టే మనిషికి ఆ తేడా నిద్రలో లేపి అడిగినా తెలుస్తుంది. ఆ పొద్దు ఫాల్మత్ రేవులో మార్జరీ ఓడ లంగరు మీద ఊగుతూ ఉంది, వాన ఏటవాలుగా పడుతోంది, ఆకాశం నైరుతి మూల గాయం కమిలినట్టు ఉంది. లిస్బన్ నుంచి ఎండుద్రాక్ష పీపాలు, నూనె జాడీలు వేసుకుని లండన్ వస్తూ గాలికి భయపడి అక్కడ తల దాచుకున్నారు. కెప్టెన్ గిల్బర్ట్ ప్రౌస్ అందరినీ పెద్ద తెరచాప కొయ్య దగ్గరికి పిలిచాడు, పాతకాలం నుంచి ఉన్న ఆచారం ప్రకారమే పిలిచాడు, అందులో తప్పేమీ లేదు. రేవు విడిచే ముందు కెప్టెన్ తన మనుషుల్ని అడగాలి, ఈ గాలి మీకు ఎలా ఉంది అని. ఎక్కువమంది బాగుందంటే లంగరు లేపాలి, ఎక్కువమంది బాగాలేదంటే ఊరుకోవాలి, సరిసమానంగా చీలితే కూడా ఊరుకోవాలి. వాళ్ళ మాట కాదని బయలుదేరితే జరిగిన నష్టం కెప్టెన్ నెత్తిన, ఓడ యజమానుల నెత్తిన. వాళ్ళే సై అని బయలుదేరితే నష్టం వాళ్ళది కూడా, ఇక జీతాల ఊసు ఎత్తకూడదు. తాతలనాటి పద్ధతి. మామూలుగా అయితే ఒక్కొక్కణ్ణి పేరు పెట్టి అడుగుతారు, ఒక్కొక్కడూ గొంతు సవరించుకుని తనకి తోచింది చెబుతాడు, ఆ ఒక్క నిమిషం వంటవాడు కూడా పెద్దమనిషే. ఆ పొద్దు మాత్రం గాలి హోరుకి పక్కవాడి మాట పక్కవాడికి వినపడలేదు. అందుకని ప్రౌస్ రెండు చేతులూ చాచి సైగ చేశాడు. గాలి నచ్చినవాళ్ళు కుడి పక్కకి, నచ్చనివాళ్ళు ఎడమ పక్కకి.

హంఫ్రీ ఎడమ పక్కకే వెళ్ళాడు. అది దేవుడికి తెలుసు, ఓస్మండ్‌కి తెలుసు, పక్కనే నిలబడి ముక్కు చీదుకున్న వంటవాడికి తెలుసు. నైరుతి మూల చూసిన ఎవడైనా అటే వెళ్తాడు. తల తిప్పి చూస్తే ఆరుగురు ఇటు, ఆరుగురు అటు. అటున్న ఆరుగురిలో ఆంబ్రోస్ పెట్, తన బావ, థామసిన్ అన్న, చేతులు కట్టుకుని వానలో నిలబడి నవ్వుతున్నాడు. ఆంబ్రోస్ అటు వెళ్ళాడంటే గాలి నచ్చి కాదు. నారింజల కోసం. ప్రతి కళాసీకీ కాస్త సొంత సరుకు తెచ్చుకునే హక్కు ఉంటుంది, ఆంబ్రోస్ లిస్బన్‌లో ఒక పెద్ద బుట్టెడు నారింజలు కొన్నాడు, తను పడుకునే చోట తలవైపు కట్టుకున్నాడు, రోజూ తెల్లారగానే బుట్ట విప్పి ఒక్కొక్క పండూ తిప్పి వాసన చూసేవాడు, మెత్తబడినదాన్ని వలిచి సగం హంఫ్రీ నోట్లో కుక్కేవాడు. "తిను బావా. ఆరోగ్యంగా ఇంటికెళ్ళకపోతే మా చెల్లి నన్ను నిలదీస్తుంది." "పుచ్చినవి నాకు, మంచివి లండన్ దొరసానులకా?" "మరి నీ మొహానికి మంచివి ఎందుకు బావా, నీకు పెళ్ళయిపోయింది కదా." ఫాల్మత్‌లో ఆగిన దగ్గర్నుంచీ మెత్తబడేవి ఎక్కువయ్యాయి. ఆంబ్రోస్ నవ్వు తగ్గలేదు గానీ వాసన చూడటం ఎక్కువైంది. ఓడంతా ఆ వాసనే, తారు వాసనలో, తడి ఉన్ని వాసనలో, మురుగునీళ్ళ వాసనలో ఒక తీపి జీర. ఇప్పుడు ఈ వసారాలో కూడా ఆ వాసన వస్తున్నట్టుంది. ఎవరో దొరసాని నారింజపండు పట్టుకుని ఇటుగా వెళ్ళి ఉంటుంది, లేకపోతే తన బుర్ర పాడై ఉంటుంది.

బల్ల టక్కుమంది. బంట్రోతు చూశాడు. హంఫ్రీ కాళ్ళు దగ్గరికి పెట్టుకున్నాడు, ఇవే కాళ్ళు, వీటిని చూస్తే ఒళ్ళు మండుతోంది. ఎందుకు కదిలాయి. బావని ఇవతలికి లాగుదామని కదిలాయి. ఆరుకి ఆరు ఉన్నప్పుడు ఒక్కణ్ణి ఇటు లాక్కొస్తే ఏడవుతాం, సరిసమానం అన్న తగువు కూడా ఉండదు, పైగా ఆ మనిషి నారింజల పిచ్చిలో అటు వెళ్ళాడు, రెక్క పట్టుకుని లాగితే వచ్చేస్తాడు. నాలుగంగల్లో కొయ్య దాటాడు, ఆంబ్రోస్ మోచెయ్యి పట్టుకున్నాడు, తడి చొక్కా జారింది, మళ్ళీ పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే ప్రౌస్ వేలు ఎత్తి కుడి పక్క నుంచి లెక్క మొదలుపెట్టాడు. ఆ వేలు ఒక్కొక్క ఛాతీ మీదుగా వచ్చి తన ఛాతీ మీద ఆగి ముందుకు పోయింది. ఏడు. లంగరు లేపండి. అంతే. గాలి హోరులో ఆ ఒక్క మాట మాత్రం అందరికీ ఎలా వినపడిందో. కెప్టెన్ లెక్క చెప్పాక ఎవడూ నోరెత్తకూడదు, అదీ ఆచారమే, లేకపోతే ఏ ఓడా ఏ రేవూ విడవదు. అయినా ఎత్తవచ్చు. నేను ఇటువాణ్ణి కాదు కెప్టెన్ గారూ, బావ కోసం వచ్చాను అని అరవడానికి ఎంతసేపు పడుతుంది. గొంతు పెగల్లేదా, అంటే అదీ కాదు. ఆంబ్రోస్ వీపు మీద చరిచి, "వచ్చావా బావా, నాకు తెలుసులే" అన్నాడు. ఆ తర్వాత ఏం జరిగిందో హంఫ్రీ ఎప్పుడు తలుచుకున్నా అక్కడికి వచ్చేసరికి ఆలోచన పక్కకి తప్పుకుంటుంది, రేవులో పడవ రాతిని తప్పించుకున్నట్టు. మోకు లాగుతున్నారు. లంగరు బురదతో పైకి వచ్చింది. అక్కణ్ణుంచి మళ్ళీ అన్నీ బాగా గుర్తున్నాయి.

తీరా తుఫానులో పడి లేచి లండన్ రేవు వాపింగ్ చేరాక యజమానులు, వాళ్ళలో పెద్దవాడు షావుకారు రోలాండ్ ఫెచ్, ద్రాక్ష పీపాలు సగం సముద్రం పాలయ్యాయని, మిగతావి ఉప్పునీళ్ళలో నానాయని, మీరే ఏడుగురు సై అన్నారు కదా అని చేతులు దులుపుకున్నారు. ఆయన కోపంగా కూడా అనలేదు. అయ్యో ఆంబ్రోస్ అని నిట్టూర్చి మరీ అన్నాడు. చొక్కాలు చిరిగి, చేతులు బొబ్బలెక్కి, ఓడని ఒక్క కొయ్యతో ఈడ్చుకొచ్చిన మనుషులు ఉత్త చేతులతో ఇళ్ళకి పోయారు. అద్దె కట్టలేక వంటవాడి ఇంటికి తాళం పడింది. ఓస్మండ్ అందరినీ సారాకొట్టులో కూర్చోబెట్టి జీతాల కోసం దావా వేద్దామన్నాడు, వేశారు. ఆ సాయంత్రమే హంఫ్రీని గోడవైపు తీసుకెళ్ళి చెవిలో చెప్పాడు. "చూడు, నేను నిన్నేమీ అడగను. అడిగితే నువ్వు చెబుతావు, చెబితే నేను వినాలి. నువ్వు మా పక్కనే ఉన్నావు. వాన పడుతోంది, ప్రౌస్ కళ్ళలో నీళ్ళు, లెక్క తప్పాడు. ఆరు, ఆరు. అర్థమైందా?" అర్థమైంది. అందులో ఎంత మంచితనం ఉందో కూడా అర్థమైంది. ఎడమ పక్కన మిగిలిన ఆ ఐదుగురూ తన వీపు చూశారు, తను అటు నడవడం చూశారు, ఎందుకు నడిచాడో ఒక్కరూ అడగలేదు, గోడమీద పిల్లి అని ఒక్కరూ దెప్పలేదు, అందరూ కలిసి తనని మోసుకొచ్చి మళ్ళీ ఎడమ పక్కన నిలబెట్టారు. ఇవాళ పొద్దున్నుంచీ ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి బైబిల్ మీద చెయ్యేసి, హంఫ్రీ డాకిన్స్ మా పక్కనే ఉన్నాడు అని చెప్పి వస్తున్నారు. ఇప్పుడు తను నిజం చెబితే జీతాలు పోవడమే కాదు, ఐదుగురు దేవుడి పుస్తకం మీద అబద్ధమాడినవాళ్ళవుతారు, ఏ రేవులోనూ వాళ్ళని ఓడ ఎక్కనివ్వరు. అబద్ధం చెబితే తనూ వాళ్ళలో ఒకడవుతాడు, దానికి శిక్ష ఇక్కడ కాదు. హంఫ్రీ వాళ్ళ నాన్న వలలు అల్లుతూ చెప్పేవాడు, ఒట్టు తప్పినవాడి చెయ్యి చచ్చాక కూడా కుదుటపడదని, సమాధిలో కదులుతూనే ఉంటుందని. చిన్నప్పుడు రాత్రిళ్ళు ఆ చెయ్యి తలుచుకుని దుప్పటి కప్పుకునేవాడు. ఇప్పుడు చూస్తే తన చెయ్యే, టోపీ మీద, ఆగకుండా కదులుతోంది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే. పోకచెక్కకి ఒక్క సుఖం, దాన్ని ఎవరూ ఏమీ అడగరు.

థామసిన్ కూడా పొద్దున అడిగింది. అడిగిందంటే గట్టిగా కాదు. మెడ దగ్గర గుడ్డ ముడి వేస్తూ, కళ్ళు ముడి మీదే ఉంచి, "అన్నయ్య వద్దనే అన్నాడు కదా?" అంది. "అన్నాడు." "మరి నువ్వు?" "నేనూ." ముడి బిగించి రెండుసార్లు లాగి చూసింది. ఓడ వచ్చిన రోజే ఆమెకి అలా చెప్పేశాడు, ఏడుస్తున్న మనిషికి ఏదో ఒకటి చెప్పాలని. ఆంబ్రోస్ తన చావు తనే కోరుకుని అటు నిలబడ్డాడని ఎలా చెబుతాడు. అప్పట్నుంచి ఆమె దుఃఖం కాస్త ప్రౌస్ మీద కోపంగా మారింది, కోపం ఉంటే మనిషి పొద్దున్నే లేవగలుగుతుంది, నత్తగుల్లలు అమ్మగలుగుతుంది. ఇప్పుడు కింద సందులో బుట్ట పెట్టుకుని ఆ నత్తగుల్లలే కత్తితో విప్పుతూ కూర్చుంది. బేరం కోసం కాదు. అన్న తరఫున ఎవరో ఒకరు వచ్చి కూర్చోవాలి అంది. తను లోపల నిజం చెబితే ఆ మాట సందులోకి దిగడానికి ఎంతసేపు. కుడితిలో పడ్డ ఎలుక లాగా బుర్ర ఇటు పోయి అటు పోయి మళ్ళీ మొదటికే వస్తోంది.

తలుపు తెరుచుకుంది. ఓస్మండ్ బయటికి వచ్చాడు, నుదురు తుడుచుకున్నాడు. బంట్రోతు వింటున్నాడని పైకి మామూలుగా అన్నాడు. "మంచాయనే. తొందర పెట్టడు." పక్క నుంచి పోతూ హంఫ్రీ భుజం మీద చెయ్యి వేసి ఒక్కసారి నొక్కాడు, ఆ బరువు ఆ చెయ్యి తీసేశాక కూడా అక్కడే ఉంది. ఇదే చెయ్యి ఆ తుఫాను రాత్రి గొడ్డలి పట్టింది. ఓడ ఒక పక్కకి ఒరిగిపోయి కొయ్య నరకాల్సి వచ్చింది, నరికినా ఓడ లేవలేదు, సరుకు విసిరేయాలి అన్నాడు ప్రౌస్. అందరూ షావుకారు పీపాల వైపు పరిగెత్తారు. ఆంబ్రోస్ మాత్రం కిందికి దిగి తన బుట్ట ఎత్తుకుని వచ్చాడు. మొదట దాన్నే విసిరాడు. ఎవరూ అడగలేదు, ఒక బుట్టెడు పండ్ల బరువుకి ఓడ ములగదు, తేలదు. పండ్లు కొన్ని చెక్కల మీదే పడి నీళ్ళలో ఇటూ అటూ దొర్లాయి, చీకట్లో కూడా వాటి రంగు కనిపించింది. అవతలి వైపు తెగిన మోకులు చిక్కుపడితే విప్పడానికి వెళ్ళాడు. ఒక అల వచ్చింది. అల పోయాక అక్కడ మనిషి లేడు. అరుపు కూడా వినపడలేదు. హంఫ్రీ ఆ రాత్రి ఎంతసేపు బావా అని పిలిచాడో తెల్లారాక గొంతు చెప్పింది. "హంఫ్రీ డాకిన్స్" అన్నాడు బంట్రోతు. బల్ల చివరిసారి టక్కుమంది.

గది చిన్నది. పరీక్షాధికారికి జలుబు చేసినట్టుంది, ముక్కు ఎర్రగా ఉంది, మొహంలో కోపం గానీ దయ గానీ లేవు. పక్కన రాసుకునేవాడు. హంఫ్రీ చెయ్యి బైబిల్ మీద పెట్టాడు, అట్ట చల్లగా ఉంది, ఎందరి చేతులో తాకి నున్నగా అయింది, ఓస్మండ్ చేతి చెమట ఇంకా ఆరలేదు. పేరు, ఊరు, ఏ పని. తర్వాత ఆ ప్రశ్న. "ఫాల్మత్‌లో లంగరు లేపే ముందు, కెప్టెన్ లెక్కపెట్టినప్పుడు, నువ్వు ఏ పక్కన నిలబడ్డావు?" ఎడమ అన్న మాట నోట్లో సిద్ధంగా ఉంది, పొద్దున్నుంచీ నమిలి మెత్తగా చేసుకున్నాడు, ఊస్తే చాలు. ఓస్మండ్ చెయ్యి భుజం మీదే ఉంది. కానీ ఎడమ పక్కన ఉన్నానంటే ఆంబ్రోస్ మోచెయ్యి పట్టుకున్నది ఎవరు. ఆ తడి చొక్కా ఎవరి చేతిలో జారింది. బావని తాకిన ఆఖరి మంచి క్షణం అదొక్కటి, అది జరగలేదని ఒట్టు వేయాలి.

"కుడి పక్కన అయ్యా. మా బావ చెయ్యి పట్టుకుని. ఇవతలికి లాగుదామని వెళ్ళాను. అప్పుడే లెక్కపెట్టారు."

రాసుకునేవాడు కలం ఆపి చూశాడు. పరీక్షాధికారి ముక్కు తుడుచుకుని రుమాలు నెమ్మదిగా మడిచాడు. ఓస్మండ్ చెప్పింది నిజమే, తొందరపెట్టే మనిషి కాదు. "కెప్టెన్ నిన్ను పేరు పెట్టి అడిగాడా?"

"లేదయ్యా. వేలు పెట్టి లెక్కపెట్టారు."

"ఎవరినైనా పేరు పెట్టి అడిగాడా?"

"లేదయ్యా. గాలి హోరు."

"ఆచారం నోటితో అడగమంటుంది కదా, కాళ్ళు లెక్కపెట్టమనదు." ఆయన ఈ మాట తనలో తను అనుకున్నట్టు అన్నాడు. హంఫ్రీకి లోపల ఏదో కదిలింది, ఓడ మునిగిపోతుందనుకున్న చోట అడుగున నేల తగిలినట్టు. అంటే దారి ఉంది. ఆ ఐదుగురికీ, వంటవాడి ఇంటికీ, అందరికీ. పరీక్షాధికారి ముందుకు వంగాడు. "సరే. నిన్ను పేరు పెట్టి అడిగి ఉంటే, ఆ చోట, ఆ క్షణాన, ఏమనేవాడివి?"

ఈ ప్రశ్నకి జవాబు ఎవరూ చెప్పి పంపలేదు. ఓస్మండ్ చెప్పలేదు, థామసిన్ అడగలేదు, తనని తను ఎన్నడూ అడుక్కోలేదు. వద్దనేవాణ్ణి, ఇంకేముంది, వద్దనడానికే కదా ఎడమకి వెళ్ళింది. కానీ ఆ చోట, ఆ క్షణాన. వీపు మీద ఆ చరుపు, వచ్చావా బావా. ఆలోచన ఎప్పుడూ తప్పుకునే రాయి ఇప్పుడు ఎదురుగా ఉంది, పక్కకి తిప్పడానికి చుక్కాని లేదు. ఆంబ్రోస్ నవ్వాడు. తనూ నవ్వాడు. ఆ నవ్వులో గాలి లేదు, నైరుతి మూల లేదు, వాపింగ్‌లో పొయ్యి ఉంది, పొయ్యి దగ్గర థామసిన్ ఉంది, ఇద్దరు బావలూ ఒక బుట్ట చెరో చెవీ పట్టుకుని మెట్లు ఎక్కుతున్నారు. చొక్కా పట్టుకున్న వేళ్ళు వదులయ్యాయి. ప్రౌస్ వేలు వచ్చినప్పుడు తను లాగుతున్నాడా, నిలబడ్డాడా. చెయ్యి బైబిల్ మీదే ఉంది. రాసుకునేవాడు కలం ముంచాడు.

"వద్దనేవాణ్ణయ్యా."

కలం ఆగకుండా ఆ మాట రాసేసింది.

సందులోకి వచ్చేసరికి వెలుగు కళ్ళలో గుచ్చుకుంది. ఓస్మండ్ గోడకి ఆనుకుని ఉన్నాడు. థామసిన్ బుట్ట దగ్గర లేచి నిలబడింది, చేతిలో కత్తి అలాగే ఉంది. "ఏమన్నావు?" అన్నాడు ఓస్మండ్. హంఫ్రీ అతని వైపు కాదు, ఆమె వైపు చూసి చెప్పాడు. "కుడి పక్కన ఉన్నానని. ఆంబ్రోస్ పక్కన. వాడూ కుడి పక్కనే ఉన్నాడు థామసిన్, నీకు అబద్ధం చెప్పాను. లాగుదామని వెళ్ళాను." ఓస్మండ్ కళ్ళు మూసుకున్నాడు. "మా ఐదుగురినీ ముంచావు కదరా" అన్నాడు, తిట్టినట్టు కూడా కాదు, అలిసిపోయినట్టు. హంఫ్రీ మిగతాది తడుముకుంటూ చెప్పాడు, నోటితో అడగలేదన్న సంగతి, అధికారి అన్న మాట, అడిగి ఉంటే వద్దనేవాణ్ణని తను చెప్పిన జవాబు. ఓస్మండ్ విన్నాడు, ఒక్కొక్క వేలు మడిచి ఏదో ఆలోచించుకున్నాడు. "అయితే దావా ఇంకా చావలేదన్నమాట" అని, తమ ఒట్లు ఏమవుతాయో కూడా అడగడానికి వకీలుని కలవాలంటూ సందు చివరికి వడివడిగా వెళ్ళిపోయాడు.

థామసిన్ కదల్లేదు. కత్తి గౌనుకి తుడిచి బుట్టలో పెట్టింది.

"అన్నయ్య అటే ఉండి ఉంటాడని నాకు తెలుసు. ఆ పండ్లు కుళ్ళిపోతుంటే వాడు ఊరుకునే రకమా. లోపల వద్దనేవాణ్ణన్నావు కదా. నాకు చెప్పు. అనేవాడివా?"

ఇక్కడ పుస్తకం లేదు, కలం లేదు. అబద్ధమాడితే పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు.

"ఏమో థామసిన్. వాడు నవ్వాడు. నేనూ నవ్వాను."

ఆమె అతని మొహం కాసేపు చూసింది. తర్వాత బుట్ట తనే ఎత్తుకుని తల మీద పెట్టుకుని నదివైపు నడిచింది. హంఫ్రీ గబగబా నాలుగంగలు వేసి ఆమెని అందుకోబోయాడు. ఏ పక్కన నడవాలో తెలియక వెనకాలే ఉండిపోయాడు.